వెబ్ బ్రౌజరు మందగమనం

వెబ్ బ్రౌజరు మందగమనం అనగా అంతర్జాల పుటలను చూపించే బ్రౌజరు తెరుచుకొనుటకు, పుటలను చూపుటకు, మీట నొక్కినపుడు స్పందించుటకు మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకొనుట. బ్రౌజరును తెలుగులో విహరిణి అని కూడా అంటారు. ఫైర్‌ఫాక్సు, గూగుల్ క్రోమ్, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, ఒపెరా, సఫారి మొదలైనవి ప్రసిద్ధి చెందిన బ్రౌజర్లు. ఇంటి కంప్యూటరులో పుట ఆలస్యంగా వచ్చినపుడు "నెట్టు స్లోగా ఉంది" అనుట వాడుక. కానీ ఈ ఆలస్యానికి అంతర్జాల లైను ఒక కారణం మాత్రమే. కంప్యూటరు మెమరీ, డిస్కు, బ్రౌజరుకు తగిలించిన పొడగింతలు, పుట యొక్క బరువు, అవతలి సర్వరు కూడా కారణాలు కావచ్చును. కారణం తెలియకుండా ఎక్కువ వేగం గల ప్లానుకు డబ్బు కట్టినను, వేగం పెంచుతామని చెప్పే సాఫ్ట్‌వేరును ఎక్కించినను ఫలితం ఉండకపోవచ్చును. ఇంజనీరింగు ప్రవేశాలకు ఏపీ ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు గడువులోగా నమోదు చేయవలసిన విద్యార్థికి ఈ తేడా తెలిసి ఉండుట అవసరం.

పుట తెరపైకి వచ్చే విధానం

కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల పొలాలకు విజయవాడ వద్ద గల ప్రకాశం బ్యారేజి నుండి నీరు వస్తుంది. బ్యారేజి నుండి ప్రధాన కాలువకు, దాని నుండి పిల్ల కాలువకు, అక్కడి నుండి పంట బోదెకు, చివరకు చేనికి నీరు చేరుతుంది. చివరి చేనికి నీరు అందనపుడు లోపం ఈ అంచెలలో ఎక్కడైనా ఉండవచ్చును. బోదె పూడిపోయి ఉంటే కాలువలో ఎంత నీరు వదిలినా ప్రయోజనం లేదు. వెబ్ పుట కూడా ఇలాగే అంచెలంచెలుగా వస్తుంది.

1. చిరునామా వెతుకులాట: వాడుకరి టైపు చేసిన వెబ్‌సైటు పేరును బ్రౌజరు డీఎన్ఎస్ అను వ్యవస్థ ద్వారా సంఖ్యా చిరునామాగా మార్చుకుంటుంది.
2. సంబంధం ఏర్పరచుట: బ్రౌజరు ఆ చిరునామాలోని సర్వరును పలకరించి, సమాచారం రహస్యంగా ఉండుటకు తాళపు సంకేతాలను ఇచ్చిపుచ్చుకుంటుంది.
3. దిగుమతి: పుట పాఠ్యం, బొమ్మలు, ఫాంట్లు, జావాస్క్రిప్టు ఫైళ్ళు ముక్కలుగా వస్తాయి.
4. నిర్మాణం: వచ్చిన ముక్కలను చదివి, జావాస్క్రిప్టును నడిపి, బ్రౌజరు పుటను తెరపై గీస్తుంది.

మొదటి మూడు అంచెలు ప్రధానంగా లైను, సర్వరులపై ఆధారపడతాయి. నాలుగవది పూర్తిగా ఇంటిలోని కంప్యూటరు పని.

వేగం - చరిత్ర

భారతదేశంలో సామాన్య ప్రజలకు అంతర్జాల సేవ 1995 ఆగష్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలైనది. టెలిఫోను తీగకు మోడెమును తగిలించి నంబరు తిప్పే పద్ధతిలో లభించిన గరిష్ట వేగం సెకనుకు 56 కిలోబిట్లు. 2004 నాటి జాతీయ బ్రాడ్‌బ్యాండు విధానం సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్ణయించింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ తన డేటావన్ సేవను ప్రారంభించింది. కనీస వేగం నిర్వచనాన్ని 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. ఆంధ్ర ప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అప్పటి ప్రాథమిక ప్యాకేజీలో నెలకు 149 రూపాయలకు టీవీ చానెళ్ళు, టెలిఫోనులతో పాటు సెకనుకు 15 మెగాబిట్ల అంతర్జాలం ఇచ్చారు.

వేగాన్ని బిట్లలో, ఫైలు పరిమాణాన్ని బైట్లలో చెప్పుట ఆనవాయితీ. ఒక బైటుకు 8 బిట్లు. కావున 40 మెగాబిట్ల లైనులో సెకనుకు గరిష్టంగా వచ్చేది 5 మెగాబైట్లే. నేడు 2 మెగాబైట్లకు పైబడిన వెబ్ పుటలు సర్వసాధారణం. అంత పుట దిగుటకు పట్టే కాలం సుమారుగా ఇలా ఉంటుంది.

* 56 కిలోబిట్ల మోడెముపై: 4 నిమిషాల 45 సెకన్లు
* 256 కిలోబిట్ల లైనుపై: 1 నిమిషం
* 15 మెగాబిట్ల లైనుపై: 1 సెకను
* 40 మెగాబిట్ల లైనుపై: అర సెకను లోపు

ఈ లెక్కలో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. మోడెము కాలంలో ఆలస్యమంతా తీగదే. 15 మెగాబిట్ల లైను సవ్యంగా పనిచేస్తున్న ఇంటిలో పుట రావడానికి 10 సెకన్లు పడుతుంటే, అందులో దిగుమతి వాటా ఒక సెకను మాత్రమే. 15 నుండి 40కి పెంచినచో అర సెకనుకు పైగా ఆదా అవుతుంది గాని, మిగిలిన 9 సెకన్లు అలాగే ఉంటాయి. అవి ఎక్కడ పోతున్నవో కనుగొనుటయే అసలు పని.

కారణాన్ని గుర్తించుట

క్రింది పరీక్షలకు డబ్బు గాని, ప్రత్యేక సాఫ్ట్‌వేరు గాని అవసరం లేదు.

* అదే వైఫైకి కలిపిన మొబైల్ ఫోనులో అదే పుటను తెరచి చూడవలెను. ఫోనులో త్వరగా వచ్చి కంప్యూటరులో రాకుంటే, లోపం లైనులో కాక కంప్యూటరులో ఉన్నదని అర్థం.
* రెండింటిలోను ఆలస్యమైతే వేరొక వెబ్‌సైటును తెరచి చూడవలెను. ఒక్క సైటు మాత్రమే ఆలస్యమైతే లోపం ఆ సర్వరుది. పరీక్షా ఫలితాల రోజున లక్షలాది మంది ఒకే సర్వరును తాకునపుడు ఇంటిలో చేయగల వైద్యం లేదు. కొంతసేపు ఆగి ప్రయత్నించుట, అధికారికంగా ప్రకటించిన ఇతర మార్గాలను వాడుట మేలు.
* అన్ని సైట్లూ అన్నింటిలోను ఆలస్యమైతే కంప్యూటరును రూటరుకు తీగతో కలిపి చూడవలెను. తీగతో వేగం పెరిగితే లోపం వైఫైది. పెరగకుంటే లైనుది.
* బ్రౌజరులో ప్రైవేటు కిటికీని తెరచి అదే పుటను చూడవలెను. ఇందులో పొడగింతలు సాధారణంగా పనిచేయవు. ఇక్కడ వేగం కనిపిస్తే పొడగింతలను అనుమానించవచ్చును.
* విండోసులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజరు తెరుచుకుంటుంది. మెమరీ గాని డిస్కు గాని ఎడతెగకుండా 90 శాతానికి పైన ఉంటే కారణం అక్కడే ఉన్నట్లు.

మార్పులను ఒకదాని తరువాత ఒకటిగా చేసి, ప్రతిసారీ అదే పుటతో సరిచూడవలెను. ఒకేసారి ఐదారు మార్పులు చేసినచో ఏది పనిచేసినదో తెలియదు.

మెమరీ మరియు డిస్కు

2008 సెప్టెంబరులో విడుదలైన గూగుల్ క్రోమ్ వేర్వేరు ట్యాబులను వేర్వేరు ప్రక్రియలుగా నడిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఫైర్‌ఫాక్సు 2016 నుండి ఈ మార్గాన్ని అనుసరించింది. ఒక పుట చెడిపోయినా మిగిలినవి నిలబడుట, ఒక సైటు మరొక సైటు సమాచారాన్ని తొంగిచూడలేకపోవుట ఇందులోని లాభాలు. ప్రతి ప్రక్రియకు విడిగా మెమరీ కావలసి రావడం ఇందులోని నష్టం.

ర్యామ్ నిండినపుడు కంప్యూటరు అందులోని కొంత భాగాన్ని డిస్కుపై దించి, అవసరమైనపుడు తిరిగి ఎక్కించుకుంటుంది. ర్యామ్ నుండి ఒక అంశాన్ని చదువుటకు సెకనులో కోటవ వంతు సరిపోతుంది. తిరిగే పళ్ళెం గల హార్డు డిస్కులో ముల్లు సరైన చోటికి చేరుటకే సెకనులో నూరవ వంతు పడుతుంది. అనగా తేడా సుమారు లక్ష రెట్లు. 4 గిగాబైట్ల ర్యామ్, పాత హార్డు డిస్కు గల యంత్రంలో ఇరవై ట్యాబులు తెరచినపుడు డిస్కు దీపం ఆగకుండా వెలుగుతూ, మౌసు సైతం నిలిచిపోవుటకు కారణం ఇదే.

నివారణ మార్గాలు:

* వాడని ట్యాబులను మూసివేయవలెను. మరల చూడవలసిన పుటలను బుక్‌మార్కులుగా దాచుకొనవచ్చును.
* క్రోములో మెమరీ సేవర్, ఎడ్జులో స్లీపింగ్ ట్యాబులు అను సదుపాయాలున్నాయి. ఇవి కొంతసేపు చూడని ట్యాబులను నిద్రపుచ్చుతాయి. ఫైర్‌ఫాక్సు మెమరీ తక్కువైనపుడు తనంతట తానే ట్యాబులను దింపివేస్తుంది.
* క్రోములో షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే ఏ ట్యాబు ఎంత మెమరీ తింటున్నదో కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్సులో ఇట్టి పట్టికను మెనూలోని ఇతర సాధనాల నుండి చూడవచ్చును.
* కంప్యూటరుతో పాటు లేచి కూర్చునే అనవసర ప్రోగ్రాములను టాస్క్ మేనేజరులోని స్టార్టప్ విభాగంలో నిలిపివేయవచ్చును.
* హార్డు డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీని అమర్చుట, ర్యామ్‌ను పెంచుట పాత యంత్రానికి ఎక్కువ ఫలితాన్నిచ్చే ఖర్చులు. డిస్కు మార్చే ముందు ఫైళ్ళన్నింటికీ వేరొక చోట నకలు ఉంచుకొనవలెను.

పొడగింతలు, ప్రకటనలు

బ్రౌజరుకు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములను పొడగింతలు అంటారు. వీటిలో అనేకం తెరచిన ప్రతి పుటనూ చదువుతాయి. అవి ఎక్కువైన కొద్దీ ప్రతి పుటకూ కొంత ఆలస్యం తోడవుతుంది. ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించునపుడు తెలియకుండా వెంట వచ్చే పొడగింతలు ప్రకటనలను గుప్పించుట, వెతుకు పుటను మార్చివేయుట కూడా కద్దు. పొడగింతల జాబితాను చూసి, ఎందుకున్నదో తెలియని దానిని తొలగించుట మంచిది.

దీనికి ఒక మినహాయింపు కలదు. చాలా పుటలలో అసలు పాఠ్యం కంటే ప్రకటనల, వాడుకరి జాడలు తీసే జావాస్క్రిప్టుల బరువే ఎక్కువ. వాటిని ఆపే నమ్మకమైన పొడగింత ఒక్కటి ఉంటే పాత కంప్యూటరుకు భారం తగ్గుతుంది. యూబ్లాక్ ఆరిజిన్ ఇటువంటిది. క్రోములో పొడగింతల నియమాలు మారినందున 2024-25లో దాని అసలు రూపం నిలిచిపోయి, తేలిక రూపం మిగిలింది. ఫైర్‌ఫాక్సులో అసలు రూపం కొనసాగుతున్నది. ఐతే ప్రకటనల ఆదాయంపై నడిచే పత్రికలు కూడా ఉన్నందున, నచ్చిన సైట్లకు మినహాయింపు ఇచ్చే వీలును ఈ పొడగింతలలో కల్పించారు.

క్యాషెను చెరిపివేయుట

"క్యాషెను, కుకీలను చెరిపివేయండి" అనుట తరచు వినిపించే సలహా. క్యాషె అనగా ఒకసారి దిగిన బొమ్మలు, ఫాంట్లు మొదలైన వాటిని తిరిగి దించుకొనకుండా బ్రౌజరు డిస్కుపై దాచుకునే చోటు. దాని ఉద్దేశమే వేగం. రోజూ దానిని చెరిపినచో ప్రతి పుటా మరల మొదటి నుండి దిగవలసి వచ్చి ఆలస్యం పెరుగుతుంది. పుట చెదిరిపోయి కనిపించినపుడు, సైటు మారినా పాత రూపమే వస్తున్నపుడు, డిస్కులో చోటు లేనపుడు మాత్రమే దీనిని చెరుపుట సమంజసం.

కుకీలు పరిమాణంలో చాలా చిన్నవి. వాటిని చెరుపుట వలన వేగం రాదు. పైగా ప్రవేశించి ఉన్న సైట్లన్నింటి నుండి నిష్క్రమించవలసి వస్తుంది. దరఖాస్తు నింపుతూ మధ్యలో కుకీలను చెరిపితే నింపినది పోవచ్చును. చెరుపు కిటికీలో దాచిన పాస్‌వర్డుల గడి కూడా ఉండవచ్చును. దానిపై టిక్కు పడకుండా చూసుకొనవలెను.

లైను, రూటరు, దూరం

వైఫైలో 2.4 గిగాహెర్ట్జు, 5 గిగాహెర్ట్జు అను రెండు పట్టీలు సాధారణం. మొదటిది గోడలను దాటి దూరం పోతుంది గాని, ఇరుగు పొరుగు రూటర్లతో రద్దీగా ఉంటుంది. రెండవది దగ్గరలో ఎక్కువ వేగాన్ని ఇస్తుంది. రూటరును బీరువా వెనుక, టీవీ చాటున కాక ఎత్తుగా, ఇంటి మధ్యలో ఉంచవలెను. నెలవారీ డేటా పరిమితి గల ప్లానులలో పరిమితి దాటిన పిదప వేగాన్ని తగ్గిస్తారు. నెలాఖరులో మాత్రమే కనిపించే మందగమనానికి ఇది కారణం కావచ్చును.

ప్లాను మార్చినా తగ్గని ఆలస్యం మరొకటి ఉన్నది. అది దూరం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. తెనాలి నుండి చెన్నై రైలు మార్గంలో సుమారు 400 కిలోమీటర్లు. ఆ దారిన తీగ ఉన్నదనుకుంటే రానుపోను కనీస కాలం 4 మిల్లీసెకన్లు. 14,000 కిలోమీటర్ల దూరంలో అమెరికాలోని సర్వరుకైతే అదే 140 మిల్లీసెకన్లు. పుట మొదలగుటకు ముందు ఇట్టి రానుపోనులు మూడు నాలుగు అవసరమైతే అర సెకను వరకు గడచిపోతుంది. అందుకే పెద్ద సైట్లు తమ పుటల నకళ్ళను ముంబై, చెన్నై, హైదరాబాదు వంటి నగరాలలో ఉంచుతాయి. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3, 2022లో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీటీపీ 3 ఈ రానుపోనుల సంఖ్యను తగ్గించాయి. వీటిని వాడుకొనుటకు తాజా బ్రౌజరు ఉంటే చాలును.

తెలుగు పుటల ప్రత్యేకత

తెలుగు పుటలు లిపి కారణంగానే బరువెక్కుతాయను అభిప్రాయం కొంతవరకే నిజం. వెబ్‌లో వాడే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు, తెలుగు యూనికోడు అక్షరానికి 3 బైట్లు పడతాయి. "తెనాలి" అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి 6 సంకేతాలు, అనగా 18 బైట్లు. ఆంగ్ల లిపిలో అదే పేరుకు 6 బైట్లు చాలును. ఐనను 16 వేల సంకేతాలు గల పెద్ద తెలుగు వ్యాసం 48 కిలోబైట్లను మించదు. కుదించి పంపునపుడు ఇంకా తగ్గుతుంది. ఒక మోస్తరు ఛాయాచిత్రం ఇంతకంటే పెద్దది.

ఫాంట్ల విషయం వేరు. ఒత్తులు, సంయుక్తాక్షరాల వలన తెలుగు ఫాంటులో వందలాది రూపాలుండి ఫైలు పెద్దదవుతుంది. యూనికోడు వ్యాపించక ముందు తెలుగు పత్రికల సైట్లు తమ తమ సొంత ఫాంట్లను వాడేవి. వాటిని యూనికోడులోకి మార్చి చూపుటకు ఫైర్‌ఫాక్సులో పద్మ అను పొడగింతను వాడేవారు. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్సు 57 వేగాన్ని బాగా పెంచింది గాని, పాత పద్ధతిలో వ్రాసిన పొడగింతలను నిలిపివేసింది. నేడు విండోసు, లినక్సులలో తెలుగు ఫాంట్లు ముందుగానే ఉంటాయి.

కాలం చెల్లిన చిట్కాలు

2000 దశాబ్దంలో ప్రచారం పొందిన కొన్ని చిట్కాలకు నేడు విలువ లేదు.

* పైప్‌లైనింగు: ఫైర్‌ఫాక్సు లోపలి అమరికలలో దీనిని ఆన్ చేస్తే ఒకే సంబంధంపై అనేక విన్నపాలు వెంటవెంటనే పోయేవి. ఈ సదుపాయాన్ని 2017లో తొలగించారు. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2 ఈ పనిని ఇంతకంటే చక్కగా చేస్తుంది.
* సంబంధాల సంఖ్యను పెంచుట: 1999 నాటి ప్రమాణం ఒక సర్వరుకు రెండు సంబంధాలు చాలునని సూచించింది. ఆ తరువాత బ్రౌజర్లే దానిని 6కు పెంచుకున్నాయి. చేతితో మార్చే అవసరం తీరిపోయింది.
* కుదింపు సేవలు: 2009లో ఒపెరా టర్బో పుటలను తన సర్వరులో కుదించి పంపేది. క్రోములోని ఇట్టి లైట్ మోడ్‌ను 2022లో ఉపసంహరించారు.
* వేగం పెంచే ప్రోగ్రాములు: "మీ కంప్యూటరు మందగించింది, ఇక్కడ నొక్కండి" అని పుట మధ్యలో ఎగిరి వచ్చే కిటికీలు ప్రకటనలే. పుటను మూసివేయుటయే సరైన చర్య. వాటిలోని ఫోను నంబరుకు పిలిచి కంప్యూటరును అపరిచితుల చేతికి ఇచ్చినచో బ్యాంకు ఖాతాకు ప్రమాదం.

పాత కంప్యూటర్లు మరియు భద్రత

పాత యంత్రంపై పాత బ్రౌజరే తేలికగా నడుస్తుందని తాజాకరణను ఆపుకొనుట ప్రమాదకరం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు 2022 జూన్ 15న స్వస్తి చెప్పారు. విండోస్ 7, 8.1లపై పనిచేసే చివరి క్రోమ్ 2023లో వచ్చిన 109వ కూర్పు. ఫైర్‌ఫాక్సుకు సంబంధించినంత వరకు అది 115వ దీర్ఘకాల మద్దతు కూర్పు. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అను భద్రతా సదుపాయం అవసరమైనందున అనేక పాత కంప్యూటర్లు దానికి అర్హం కావు.

ఇట్టి యంత్రాలకు తేలికైన లినక్సు పంపిణీలు ఒక మార్గం. లుబుంటు, లినక్సు మింట్ యొక్క ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు మొదలైనవి తక్కువ మెమరీతో పనిచేస్తూ తాజా ఫైర్‌ఫాక్సును నడుపగలవు. ఫైర్‌ఫాక్సు తెలుగు అనువాదంతో కూడా లభిస్తుంది. వీటిని డిస్కుపై ఎక్కించకుండానే పెన్‌డ్రైవు నుండి నడిపి, ముద్రణ యంత్రం, వైఫై పనిచేయునో లేదో ముందుగా చూసుకొనవచ్చును.

అన్ని ప్రయత్నాల తరువాత కూడా ఒక్క బ్రౌజరే మందంగా ఉంటే దాని అమరికలను తొలి స్థితికి మార్చవచ్చును. ఫైర్‌ఫాక్సులో దీనిని రిఫ్రెష్ అని, క్రోములో రీసెట్ అని అంటారు. ఇందువలన బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు నిలిచి ఉంటాయి. ఫైర్‌ఫాక్సులో పొడగింతలు తొలగిపోతాయి. క్రోములో అవి పనిచేయకుండా ఆగిపోతాయి. గడువు ఉన్న దరఖాస్తు చేతిలో ఉన్నపుడు ఇట్టి పెద్ద మార్పులకు పూనుకొనక, ట్యాబులను మూసి, కంప్యూటరును ఒకసారి పునఃప్రారంభించి పని ముగించుకొనుట ఉత్తమం. మరమ్మత్తు మరునాడు చేయవచ్చును.

ఇవి కూడా చూడండి

* విహరిణి
* అంతర్జాలం
* మొజిల్లా ఫైర్‌ఫాక్సు
* యూనికోడు
* కంప్యూటరు మెమరీ
* తెనాలి